ఊ తర్వాత మూడక్షరాలు

ముక్కామల పరబ్రహ్మంగారి మీద ఇరవై నాలుగేళ్ళుగా ఒకే ఒక్క ఫిర్యాదు ఉంది. అదీ ఇంట్లోంచే. ఆయనకి ఊకొట్టడం రాదు.

భార్య వకుళ ఏదైనా చెప్పడం మొదలుపెడితే చాలు, మూడో మాట దగ్గరే పట్టుకుని విరిచేస్తాడు. "ఇవాళ షెడ్డులో గొడవండీ, వెదురు పుల్లలు తక్కువొచ్చాయి" అంటే, "పుల్లలు తక్కువైనా పుల్లలు పెట్టేవాళ్ళకి తక్కువ లేదుగా" అంటాడు. "జలుబండీ, ముక్కు పనిచెయ్యట్లేదు" అంటే, "ముక్కామల వారి కోడలివి, ముక్కు అమల్లో లేకపోతే ఎలా?" అంటాడు. నవ్వొచ్చినా కోపమొచ్చినా ఆవిడ అనేది ఒకటే మాట.

"ఊరుకోండి."

అంతే, అక్కడితో ఆ కథ ఆగిపోయేది. ఆవిడ చెప్పాలనుకున్నది చెప్పకుండానే లేచి వెళ్ళిపోయేది. ఈయన మాత్రం తన శ్లేషకి తనే మురిసిపోతూ కూర్చునేవాడు.

అలాంటి మనిషి ఊకొట్టే యంత్రాన్ని కనిపెట్టాడు.

కాకినాడలో ఒక మేనేజ్‌మెంట్ కళాశాలలో బ్రహ్మం మాస్టారు కథన విశ్లేషణ చెప్తాడు. అదేమిటని అడిగితే, "వ్యాపారి దగ్గర సరుకు అందరూ చూస్తారు. ఆయన చెప్పే కథలో సరుకెంత, సరుకులో కథెంత అని నేను చూస్తాను" అనేవాడు. పదహారేళ్ళలో ఆరువందల పన్నెండు మంది దగ్గర కథలు పోగేశాడు. ఐసు మిల్లు వాళ్ళు, కోళ్ళ దాణా వాళ్ళు, వలల ఫ్యాక్టరీ వాళ్ళు, బస్సు బాడీలు కట్టేవాళ్ళు. ఎక్కడ గొంతు పెరిగింది, ఎక్కడ "మేము" పోయి "నేను" వచ్చింది, ఎవరి పేరు ఒకసారి వచ్చి మళ్ళీ రాలేదు, అన్నిటికీ గుర్తులు పెట్టుకున్నాడు. తేలిందేమిటంటే గెలిచినవాళ్ళ కథలన్నీ ఒకే అచ్చులో పోసిన ఇటుకలు. చేతిలో ఏమీ లేదు, అందరూ నవ్వారు, ఒక్కణ్ణే నిలబడ్డాను, ఇవాళ ఇదిగో.

ఒకటే ఇబ్బంది. ప్రశ్నలడిగేది ఈయనే. ఎదుటివాడు కథ అందుకోగానే ఈయన శ్లేష అందుకునేవాడు.

"సార్, అందరి కథలూ కంచికెళ్తాయి. మన దగ్గర మాత్రం మీ పంచ్‌కి వెళ్తున్నాయి" అంది నాగసులోచన ఒకరోజు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న మనిషి. ముప్ఫై దాటాయి, నవ్వడం ఆవిడ సిలబస్‌లో లేదు. అలాంటి మనిషి నోట్లోంచి శ్లేష వచ్చేసరికి మాస్టారికి పరిస్థితి తీవ్రత అర్థమైంది.

అలా పుట్టింది ఊకొట్టి.

పాతకాలం రేడియో అంత టేకు పెట్టె. ముందు పల్చటి గుడ్డ తెర. లోపల ఆరువందల పన్నెండు కథలు చదువుకున్న బుర్ర. ఆ బుర్రకి వచ్చింది ఒక్క అక్షరమే. ఊ. కాకపోతే ఆ ఒక్క అక్షరం ఎప్పుడు అనాలో దానికి తెలిసినట్టు మనిషన్నవాడికి తెలియదు. గొంతు ఎవరిదీ కాదు, ముప్ఫై మంది గొంతులు కలిపి వడగట్టింది. అయినా విన్న ప్రతివాళ్ళూ "అచ్చం మా అమ్మమ్మ" అనేవాళ్ళు.

ఐసు మిల్లు యజమాని అరగంటలో వెళ్ళిపోతానని కూర్చుని నాలుగు గంటలు చెప్పాడు. మర్నాడు పిలవకుండానే వచ్చి మళ్ళీ చెప్పాడు. మూడోసారి చెప్పి బయటికొచ్చి, "ఏదో బరువు దిగిపోయినట్టుంది మాస్టారూ" అన్నాడు.

"ఐసు కదండీ, కరిగుంటుంది" అన్నాడు బ్రహ్మం మాస్టారు.

దిగిన బరువు ఏమిటో మాత్రం ఆయన అడగలేదు. ఆ తర్వాత జిల్లాలో ఉన్న యజమానులందరూ వరస కట్టారు.

*

వకుళది ఊదొత్తుల వ్యాపారం. జగన్నాథపురంలో ఇంటి వెనకే షెడ్డు, ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు పని చేస్తారు. 'ఊదా' ఒత్తులంటే కాకినాడలోనే కాదు, అటు తుని దాకా, ఇటు రావులపాలెం దాకా తెలుసు. ఆ ఏడు మహిళా పారిశ్రామికవేత్తల సభలో ఆవిడకి సన్మానం అన్నారు. పది నిమిషాలు మాట్లాడాలిట.

"నాకు మాట్లాడటం రాదండీ" అంది కంగారుగా.

"మా పెట్టెతో మాట్లాడు. అదే సాపు చేస్తుంది."

"పెట్టెతో ఎందుకూ, మీరు వింటారేమో అనుకున్నా."

"నేను వింటే నీ కథ ఊదొత్తి కాదు, ఊదిన ఒత్తి అయిపోతుంది."

"ఊరుకోండి" అంది వకుళ. కానీ మంగళవారం పొద్దున్నే చీర మార్చుకుని వచ్చింది.

కళాశాలలో పెట్టె ఉన్న గదికి అద్దం గోడ. మాస్టారు దానికి ఇవతల కూర్చున్నాడు. పెళ్ళాం కథ పూర్తిగా వినడం అదే మొదటిసారి. వకుళ పెట్టె ముందు ముందుకి వంగి, చెయ్యి తిప్పుతూ చెప్తోంది. అమ్మ నేర్పిన సాంబ్రాణి పాళ్ళు, ఒత్తులు చుట్టే మొదటి పీట, సరుకు తడిపిన మొదటి వాన. ఊ. ఊ. పెట్టె ఊకొడుతుంటే ఆవిడ మాట నేతిలో గరిటె తిప్పినట్టు సాగుతోంది.

"ఒకరోజు పుల్లల చివరలకి అద్దే రంగు డబ్బా నా చేతిలోంచి జారి పిండిలో పడిపోయింది. చూసుకోకుండా కలిపేశాం. ఎనిమిది వేల ఒత్తులు వంకాయ రంగులో తేలాయి. పారబోద్దామని గోనెల్లో కట్టేశాను. అప్పుడు మావారొచ్చి ఒకటి తీసి వాసన చూశారు. 'ఊదొత్తి ఊదారంగులో ఉంటే తప్పేముందోయ్! ఊదా అని పేరు పెట్టెయ్' అన్నారు."

చెప్పి నవ్వింది. ఆగింది. పెట్టె వైపు చూసింది.

పెట్టె మాట్లాడలేదు.

ఆవిడ ఇంకాస్త ఆగింది. మెట్టు ఉందనుకుని కాలు వేసి, లేకపోతే తడబడ్డట్టు, మొహం ఒక్క క్షణం ఖాళీ అయింది. తర్వాత సర్దుకుని, "ఆ సరుకు తీసుకుని ఒక్కదాన్నే తుని సంతకి వెళ్ళాను" అంది.

"ఊ" అంది పెట్టె, వెచ్చగా.

అద్దం ఇవతల మాస్టారు కుర్చీలో ముందుకి జరిగాడు. ఒక్కతే ఎక్కడ వెళ్ళింది? గోనెలు మోసింది తను. బస్సు మీంచి దించుతుంటే నడుం పట్టేస్తే, "నడుం బిగించమంటే ఇలా బిగించుకున్నారా" అని ఆవిడ తనకే శ్లేష అప్పజెప్పింది. కాస్త చురుక్కుమంది. అయినా పోనీలే అనుకున్నాడు. గెలిచినవాళ్ళ కథల్లో మొగుళ్ళకీ పెళ్ళాలకీ అక్కచెల్లెళ్ళకీ చోటుండదని కనిపెట్టింది తనేగా. పెట్టె తను నేర్పిందే నేర్చుకుంది.

రెండో మంగళవారం ఆ ముక్క వచ్చేసరికి వకుళ, "ఎవరో అన్నారు, ఊదా అని పెట్టమని" అంది.

ఆ వారమంతా ఇంట్లో ఏదో వెలితిగా ఉంది. వకుళ కాఫీ ఒక గ్లాసే కలుపుకుంటోంది. అడిగితే, "అయ్యో, పరధ్యానం" అని రెండోది కలిపిచ్చేది. "పరబ్రహ్మం ఇంట్లో పరధ్యానం కాక మరేముంటుంది?" అన్నాడు మాస్టారు. ఆవిడ మర్యాదగా నవ్వింది. ఊరుకోండి అనలేదు. ఆయన చెవులు మాత్రం ఆ మాట కోసం కాసేపు నిక్కి, మళ్ళీ వాలిపోయాయి.

*

మూడో మంగళవారం పదింటికి నాగసులోచన కాగితాలు పట్టుకుని ఆయన గదిలోకి వచ్చింది.

"సార్, ఐసు మిల్లాయన మొదటిసారి చెప్పిన కథలో పంతొమ్మిది మంది ఉన్నారు. రెండోసారి ఏడుగురు. మూడోసారి ఆయనొక్కడే."

"బాగా బిగించి చెప్పాడన్నమాట. ఐసు గడ్డకట్టాలిగా."

"సార్, జోకొద్దు. మిగతావాళ్ళ గురించి నిన్న ఫోన్ చేసి అడిగాను. తెలీదన్నాడు. పెట్టె ఊకొట్టని చోటల్లా ఆ తర్వాతిసారి కథలోంచి పోతోంది. మూడోసారికి బుర్రలోంచే పోతోంది. అందరికీ ఇంతే."

అప్పటికే తలుపు దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. అరచేతుల నిండా వల దారం కోసిన గీతలు.

"ఊకొట్టే పెట్టె మేస్టారు నువ్వేనా బాబూ? నా పేరు అప్పలకొండ. వలల ఫ్యాక్టరీ ధనరాజు లేడా, ఆడు నా తమ్ముడు. ముడి ఎయ్యడం నేర్పింది నేనే. నిన్న ఎల్తే, ఎవరు కావాలమ్మా అంతన్నాడు."

"కోపంగా ఉన్నాడేమో అమ్మా."

"కోపమైతే బాగున్ను. మంచినీళ్ళిచ్చి, కుర్చీ ఏసి కూకోబెట్టాడు బాబూ. పిచ్చి కాదు, అన్నీ సెప్తన్నాడు. నన్నొక్కదాన్నే లేదంతన్నాడు. మీ పెట్టెకి ఏటి సెప్పాడు?"

గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. కింద గదిలో వకుళ పదింటికే కూర్చుంది.

మాస్టారు మెట్లు రెండేసి దిగాడు. గదిలోకి దూరి వైరు పీకేశాడు. అప్పటికే వకుళ లేచి, కుర్చీ జరిపి, చేతిసంచీ భుజాన వేసుకుంటోంది. మొహం కడిగిన పలకలా ఉంది.

"వకుళా!"

ఆవిడ తిరిగి చూసి, రెండు చేతులూ జోడించింది.

"నమస్కారం మాస్టారూ. మీ పెట్టె భలే ఉందండీ. ఏదో బరువు దిగిపోయినట్టుంది."

*

సభలో వకుళ పది నిమిషాలు మాట్లాడింది. ఒక్క తడబాటు లేదు. బ్రహ్మం మాస్టారు చివరి వరసలో నాగసులోచన పక్కన కూర్చున్నాడు. ముందు రెండు వరసల్లో యజమానులు, సగం మంది ఊకొట్టి ముందు కూర్చుని లేచినవాళ్ళే. "ఒక్కదాన్నే తుని సంతకి వెళ్ళాను" అంది వకుళ.

"ఊ" అన్నాయి ముందు రెండు వరసలూ, ఒకే గొంతుతో.

నాగసులోచన ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పెట్టె అప్పటికే బీరువాలో ఉంది, వైరు లేకుండా. తాళంచెవి నాగసులోచన దగ్గరే ఉంది.

ఇంట్లో గొడవేమీ జరగలేదు. అదే భయంగా ఉంది. ఆయన్ని వకుళ బయటికి పొమ్మనలేదు. "మా ముందుగదిలో అద్దెకుంటున్న మాస్టారు" అని పనివాళ్ళకి పరిచయం చేసింది. ఇరవై ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దదైన మంగాయమ్మ ఉండబట్టలేక, "మరి మెళ్ళో సూత్రాలేటమ్మా?" అంది. వకుళ వాటిని తీసి చూసుకుని, "ఎప్పట్నించో ఉన్నాయే" అని మళ్ళీ జాకెట్లోకి వేసుకుంది. పెళ్ళి ఫొటో గోడకే ఉంది. "పక్కనున్నాయన ఎవరో బాగా నవ్వుతున్నారు కదండీ" అంది ఆయనతోనే, దుమ్ము తుడుస్తూ.

మొదటి మంగళవారం చెప్పిన కథ రికార్డు కూడా వినిపించారు. వకుళ ఓపిగ్గా విన్నది. "నా గొంతే. కానీ ఎవరో రాసిచ్చింది చదివినట్టుంది" అంది.

పేరులో పర ఉంటే ఏదో పరమార్థం అనుకున్నాడు ఇన్నాళ్ళూ. పరాయి అని ఇప్పుడు తెలిసింది. ఈ శ్లేష ఆయన పైకి అనలేదు. వినేవాళ్ళు లేని శ్లేష ఒంటిచేత్తో చప్పట్లు కొట్టబోవడం లాంటిదని ఆయనకి తెలుసు.

నాలుగు రోజులు ఆలోచించి నాగసులోచనకి చెప్పాడు. "నేనే చెప్తాను తనకి. మొదటి నుంచీ. పెళ్ళిచూపుల దగ్గర్నుంచి."

"వద్దు సార్" అంది నాగసులోచన. "నిన్న అప్పలకొండ ఇంటికెళ్ళాను. ఆవిడ తమ్ముడి దగ్గర కూర్చుని మూడు రోజులు చిన్నప్పటి సంగతులన్నీ చెప్పిందిట. అక్కాతమ్ముళ్ళు కలిసొచ్చిన చోట తప్ప అంతా ఆయన శ్రద్ధగా ఊకొట్టాడుట. ఇప్పుడావిడని ధనరాజు గురించి అడిగితే..."

"ఊ?"

"'తమ్ముడా? నాకు తమ్ముడెవడమ్మా' అంది. నవ్వుతూ అంది సార్. వాళ్ళిప్పుడు మనుషులు కారు, పెట్టెలు. వకుళగారు కూడా. మీరు చెప్తే ఆవిడకి గుర్తురాదు. మీకే పోతుంది. ఇప్పుడు కనీసం ఒకరి దగ్గరైనా ఉంది కదా."

మాస్టారు ఆవిడ వైపు తిరిగాడు.

"సులోచనా, పెట్టెకి ఎన్నక్షరాలు వచ్చు?"

"ఒక్కటే సార్."

"మా ఆవిడకి నాలుగొచ్చు. ఊ తర్వాత ఇంకో మూడున్నాయి. అవి ఆరువందల పన్నెండు కథల్లో ఎక్కడా లేవు. నేను ఆవిడ చేత ఇరవై నాలుగేళ్ళు అనిపించినవి. ఎక్కడో లోపల ఉండి ఉంటాయి. ఒక్కసారి బయటికొస్తే చాలు."

"రాకపోతే?"

"రాకపోతే అద్దె మానేసి సొంతిల్లు చూసుకుంటాను" అన్నాడు. నాగసులోచన నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది.

*

శనివారం మధ్యాహ్నం. పనివాళ్ళు భోజనాలకి వెళ్ళారు. షెడ్డులో పీటల మీద ఊదా ఒత్తులు ఆరుతున్నాయి. గాలంతా సాంబ్రాణి, బొగ్గు పొడి. వకుళ ఒత్తులు కట్టలు కడుతోంది.

"వకుళగారూ, ఒక కథ చెప్తాను, వింటారా?"

"చెప్పండి మాస్టారూ. నాకు వినడం ఇష్టం."

ఆయన ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. పిఠాపురంలో పెళ్ళిచూపుల దగ్గర మొదలుపెట్టాడు. అమ్మాయి కాఫీ తెచ్చింది.

"ఊ."

అబ్బాయి కప్పు అందుకుని, "కప్పు బాగుంది, కప్పుకోడానికేమైనా ఇస్తారా, చలిగా ఉంది" అన్నాడు.

వకుళ చేతులు ఆగలేదు. పెదవులు కదల్లేదు. బ్రహ్మం మాస్టారు ఒక్క క్షణం ఆగాడు. కాలికింద మెట్టు లేదు. ఆ కప్పు మీద పువ్వులుండేవి. ఏ పువ్వులు? ఇందాకటిదాకా తెలుసు.

గబగబా ముందుకి వెళ్ళాడు. అమ్మాయి అమ్మ దగ్గర సాంబ్రాణి పాళ్ళు నేర్చుకుంది. ఊ. మొదటి పీట కొన్నది. ఊ. వాన. ఊ. ఎంత హాయిగా ఉంది ఆ ఊ! చెప్తుంటే నేతిలో గరిటె తిప్పినట్టు మాట సాగిపోతోంది. ఇంత బాగా తనని ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆవిణ్ణి తను కూడా ఇలా ఒక్కరోజైనా విని ఉంటే. మధ్యమధ్య ఆవిడ మొగుడొచ్చేవాడు. అతనొచ్చిన చోటల్లా షెడ్డు నిశ్శబ్దంగా ఉండేది. మాస్టారు ఆ చోట్లు కొంచెం తొందరగా దాటేస్తున్నాడు. తను దాటేస్తున్నట్టు తెలిసి జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"రంగు డబ్బా పిండిలో పడిపోయింది. ఎనిమిది వేల ఒత్తులు వంకాయ రంగులో తేలాయి."

"ఊ."

"పారబోద్దామని గోనెల్లో కట్టింది. అప్పుడు..." ఆయన ఆగాడు. అప్పుడు ఎవరో వచ్చారు. ఒక మనిషి. పేరు నాలుక చివర ఉంది, కానీ నాలుక పొడుగ్గా ఉంది. మనిషి పోతే పోయాడు, మాట ఉండాలి. మాటని రెండు చేతులా పట్టుకున్నాడు. ఎదురుగా ఆరుతున్న ఒత్తి ఒకటి తీసి, వాసన చూసి, వకుళ కళ్ళల్లోకి చూస్తూ అన్నాడు.

"ఊదొత్తి ఊదారంగులో ఉంటే తప్పేముందోయ్!"

వకుళ చేతులు ఆగిపోయాయి.

కట్ట దారం వేలికి చుట్టుకుని అలాగే ఉంది. ఆవిడ నుదుటి మీద చిన్న ముడి పడింది. పెదవి ఒక పక్కకి, ఒక్క నూలుపోగు మేర లేచింది. ఎక్కడో లోపలి గదిలో ఎవరో గడియ తీస్తున్నట్టు గొంతు కదిలింది.

"ఊ..." అంది.

పెట్టెలాగా కాదు. సాగదీసి. ఆ సాగదీతలో ఇంకా ఏదో ఉంది. ఇంకా రావాల్సింది ఉంది.

పీట మీద కూర్చున్నాయన ముందుకి వంగాడు. వస్తున్నాయి, మూడక్షరాలు వస్తున్నాయి. వాటికోసమే తను ఇక్కడికి వచ్చాడని, అవి వస్తే అంతా సర్దుకుంటుందని ఆయనకి గట్టిగా తెలుసు.

ఏ అక్షరాలో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.